కొసరు

మార్చి ముప్పై. రాత్రి పదకొండు దాటింది.
గుణుపురం బజారు వీధిలో, మేడ మీద గది.
ఫౌండేషన్ వారి ఫారంలో
నాలుగో గడి దగ్గర ఆగిపోయాను.
"ప్రాజెక్టుకు ముందున్న స్థితి. వంద పదాలకు మించరాదు."

ముందున్న స్థితి మా తాత కాటా, మృణ్మయి గారూ.
ఇనప గొలుసులు, ఇత్తడి తట్టలు,
రాళ్ళ తట్ట అడుగున ఎవరికీ కనపడకుండా
బొటనవేలితో అదిమి పెట్టిన చింతపండు ముద్ద.
ఏటా కొత్త ముద్ద.
పాతది ఎండితే బరువు తగ్గుతుంది కదా,
లెక్కంటే లెక్కే ఆయనకి.

కొండ దిగొచ్చిన సవరల గంపలో
ఇరవై కిలోలుంటే పద్దెనిమిదే పలికేది.
తూకం అయ్యాక
గుప్పెడు ఉప్పు కొసరు వేసేవాడు.
చంకన బిడ్డ ఉంటే చిన్న బెల్లం ముక్క కూడా.
చల్లని చెయ్యి, అనేవారు.
ఆయన పోయిన రోజు
మూడు కొండల జనం దిగొచ్చి ఏడ్చారు.
ఆ ఏడుపులో నటన లేదు.
అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

వంద దాటినట్టుంది. కొట్టేస్తున్నాను.

మీరొచ్చిన రోజు గుర్తుందా?
పుట్టాసింగి దారిలో జీపు రెండుసార్లు దిగబడింది.
కంపెనీ పేరున్న టోపీలు నలభై తెచ్చారు,
ఆడవాళ్ళు ముప్పై ఆరుగురు,
మిగిలిన నాలుగూ మేకలు కాసే పిల్లలు పట్టుకుపోయారు.
తలుపంత చెక్కు, థర్మాకోల్‌ది.
నలుగురు పట్టుకుంటే ఫోటో.
అసలు డబ్బు ఆరు నెలలకి పడింది.
ఆలస్యమైనా పైసా తగ్గలేదు,
ఆ మాట రాయకపోతే అన్యాయం.

మీరటు వెళ్ళారో లేదో
సంఘం ప్రెసిడెంటు సొంపాని గొమాంగో
కొత్త ఎలక్ట్రానిక్ కాటా కొన్నాక ముందు దీన్నే తూచాలి అంది.
కొన్నాం. తూచింది.
ఏడొందల ఇరవై గ్రాములు.
గోడౌను రేకులు అదిరేలా నవ్వారు అందరూ.
ఇప్పుడది కిటికీకి అడ్డం, పావురాలు దూరకుండా.
మీ సంతకం వైపు లోపలికి తిప్పాం,
వానకి చెరిగిపోతుందని.

తర్వాత సొంపాని నెమ్మదిగా అడిగింది,
"లాభంలో నూటికి రెండు మనకిస్తారట, నిజమేనా?"
"నిజమే. చట్టం."
"మరి ఆ తొంభై ఎనిమిదీ ఎక్కడ తూచారు? ఎవరు చూశారు?"
మీ కంపెనీ తవ్వే కొండ ఇక్కడికి కనపడదు.
అమావాస్య నాడు పడమటి ఆకాశం
ఎర్రగా ఉంటుంది, అంతే.
నేను చింతగింజలు ఏరుతూ కూర్చున్నాను.
నా జీతం మీ గ్రాంటులోదే,
పద్దు నంబరు ఏడు.

ఈ ఏడు మొదటి గంప సుక్రి సబరది.
అంకె వెలిగింది: ఇరవై కిలోల నాలుగొందలు.
ముసలమ్మ గంప దించింది. మళ్ళీ పెట్టింది.
మళ్ళీ దించింది.
ఐదోసారికి కాటా అబద్ధమాడదని తెలిసి
నేల మీద కూలబడింది.
పెళ్ళైన నాటి నుంచీ మోసిన గంపలన్నీ
వేళ్ళ మీద లెక్కేసుకుంటున్నట్టుంది,
పెదాలు కదులుతున్నాయి.
డబ్బు తీసుకుని చీర కొంగున ముడేసి
మళ్ళీ చెయ్యి చాపింది.

"ఇంకేం కావాలవ్వా, తూకం సరిపోయిందిగా?"

చెయ్యి అలాగే ఉంది.

ఎదురు కొట్లోంచి ఉప్పు ప్యాకెట్టు కొనుక్కొచ్చాను.
గుప్పిట్లోకి తీసుకుంటే
నా బొటనవేలు అచ్చం మా తాతది.
పోశాను. "చల్లని చెయ్యి తల్లీ" అంది.
ఇరవై ఎనిమిది రూపాయలు.
ఏ పద్దు కింద రాయాలో
మీ ఫారంలో లేదు, నేనూ అడగలేదు.

గడి ఖాళీగా ఉంటే
కంప్యూటర్ ముందుకు కదలనంటోంది.
"తూకం సరిగ్గా లేదు" అని కొట్టాను.

మూడు పదాలు.
ఇంకా తొంభై ఏడు మిగిలాయి, చూపిస్తోంది.